ఎర్ర లైటు దగ్గర వ్యతిరేకపదం

ఉదయం ఐదూ ఇరవైకి డిపో క్యాంటీన్‌లో కండక్టరు ఒక పాత టికెట్ చుట్టను నాలుగు మడతలు పెట్టి బల్ల కాలు కింద దోపింది. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. రోజూ ఎవరో ఒకరు దాని కింద ఏదో ఒకటి దోపుతారు, ఊడ్చేవాళ్లు రోజూ దాన్ని తీసి పారేస్తారు.

బల్ల కుదురుకున్నాక ఆవిడ టీ గ్లాసు దగ్గరికి లాక్కుని, ఆవరణ అవతల ఉన్న గుమాస్తా కిటికీ వైపు చూసింది. లైటు వెలుగుతోంది. ఆరింటికి ఆ కిటికీ మూసేస్తారు. ఇవాళ మూస్తే ఇక పేర్లు తీసుకోరు.

కిటికీ పక్కన అతికించిన నోటీసు డిపోలో అందరికీ కంఠతా వచ్చేసింది. పాత లైను ఈ నెలాఖరుతో ఆగిపోతుంది, దాని బదులు విమానాశ్రయం బస్సులు వస్తాయి. వాటిలో పని చేయాలంటే డ్రైవరైనా కండక్టరైనా ఇంగ్లీషు పరీక్ష రాయాలి. ముప్పై నామవాచకాలు ఇచ్చారు. ఒక్కోదానికి అర్థం మన భాషలో రాయాలి, పర్యాయపదం, వ్యతిరేకపదం, ఒక సొంత వాక్యం ఇంగ్లీషులో రాయాలి. యాభై దాటినవాళ్లు పరీక్ష వద్దనుకుంటే యార్డుకి వెళ్లవచ్చు. అక్కడ ఖాళీ బస్సుల్ని కడిగే చోటి నుంచి నిలిపే చోటికి తోలాలి. జీతం తగ్గదు.

ఆ చివరి ముక్క దయతో రాసిందే. చదివినవాళ్లకి మాత్రం అలా అనిపించలేదు.

కండక్టరు నిన్ననే పేరిచ్చింది. అప్పుడు గుమాస్తా తలెత్తి, "మీ బాబాయ్ ఇవ్వలేదేం?" అని అడిగాడు. అడిగింది ఆవిడ బస్సు డ్రైవరు గురించి. అతను ఆవిడకి బాబాయ్ ఏమీ కాడు. ఎనిమిదేళ్లుగా ఒకే బస్సులో అతను ముందు, ఆవిడ వెనక. డిపోలో అతన్ని మైకు అంటారు. నేరుగా అడిగితే మొండికేసే మనిషని తెలుసు కాబట్టి రాత్రంతా ఆ ప్రశ్నని నోట్లోనే పెట్టుకుని ఇవాళ అరగంట ముందే వచ్చింది.

అతను వచ్చాడు. కుర్చీని వెనక్కి తిప్పి, దాని వీపు మీద రెండు చేతులూ ఆన్చి కూర్చున్నాడు. క్యాంటీన్ అక్క అడగకుండానే గ్లాసు పెట్టింది. ఇంజను నూనె చేతులు తుడుచుకుంటూ మెకానిక్ పక్క బెంచీ మీద చేరాడు.

"మామా, ఆ ముప్పై మాటలూ వచ్చేశాయా?" అన్నాడు మెకానిక్. ప్రశ్న వేసిన తీరులోనే ఇవాళ్టి వినోదం మొదలైందన్న సంతోషం ఉంది.

"ముప్పై మాటలకి పరీక్షంట," అన్నాడు డ్రైవరు. "ఒరేయ్ రెంచీ, నువ్వు పుట్టకముందు సంగతి చెప్తాను విను. నేనేదో గొప్పవాణ్ణని చెప్పట్లేదు, జరిగింది చెప్తున్నా. కొత్తగా డ్యూటీలో చేరాను. ఒకరోజు ఆఖరి స్టాపులో చూస్తే వెనక సీట్లో డిక్షనరీ, ఇంత లావు, ఎవడో మర్చిపోయి దిగిపోయాడు. తీసుకెళ్లి పోయిన సామాన్ల గదిలో ఇచ్చాను. అక్కడివాడు ఏమన్నాడో తెలుసా? గొడుగులైతే తీసుకుంటాను, చెప్పులైతే తీసుకుంటాను, ఇంత బరువు పెడితే అల్మారా కూలుతుంది, నువ్వే ఉంచుకో అన్నాడు. సరే పోనీ అని ఇంజను మూత మీద పెట్టుకుని ఎర్ర లైటు పడ్డప్పుడల్లా ఒక మాట చూసేవాణ్ణి. అంతే. అదేం పెద్ద విషయం కాదు."

"ఎర్ర లైటులో అంత టైం ఎక్కడుంటుంది మామా?"

"మా రోజుల్లో లైట్లు నిదానంగా ఉండేవిరా. వారం తిరిగేసరికి మొదటి అక్షరం అయిపోయింది. నెల తిరిగేసరికి పుస్తకం మొత్తం, వెనక అచ్చేసినవాడి చిరునామాతో సహా. నామవాచకాలే చదివాను. క్రియలు మనకెందుకు, తోలడం, ఆగడం, ఆ రెండూ మనకి ముందే వచ్చు. సరే, మాటలైతే వచ్చాయి. పెట్టుకోవడం ఎక్కడ? తల ఇంతే ఉంది, మాటలు బస్సు నిండా ఉన్నాయి. అప్పుడు ఏం చేశానో తెలుసా? దారిలో పెట్టాను."

"దారిలోనా?" అంది క్యాంటీన్ అక్క.

"స్టాపుకో మాట. అర్థం ఆ స్టాపులోనే, ఎక్కేవాళ్లతో పాటు ఎక్కుతుంది. పర్యాయపదం తిరుగు ట్రిప్పులో, రోడ్డు అవతలి స్టాపులో. ఎందుకంటే పేరు ఒకటే, పక్క వేరు. ఇక వ్యతిరేకపదం. అది స్టాపు దాటాక వచ్చే ఎర్ర లైటు దగ్గర ఉంటుంది. మనం పోదామంటాం, అది ఆగమంటుంది. అంతకంటే వ్యతిరేకం లోకంలో ఏముంది చెప్పు?"

కండక్టరు గ్లాసులోకి చూస్తూ టీ తాగింది. డిక్షనరీ సంగతి ఆవిడకి తెలియదు. కానీ ఈ పద్ధతి మాత్రం నిజం. రెండు నెలల కిందట నోటీసుతో పాటు మాటల జాబితా అతికించిన రోజు నుంచే మొదలైంది. ఆవిడ వెనక నుంచి "పంపుహౌస్" అని కేకేస్తే ముందు నుంచి అద్దంలో అతని పెదవులు కదిలేవి. కరేజ్, ధైర్యం. సిగ్నల్ పడితే మళ్లీ కదిలేవి. కవర్డిస్, పిరికితనం. ఏంటి బాబాయ్ అంటే గొంతు సవరించుకుంటున్నానని చెప్పేవాడు.

"మరి సామిల్లు స్టాపు మొన్న పీకేశారుగా," అన్నాడు మెకానిక్. "వంతెన స్తంభాల కోసం. అక్కడి మాట ఏమైంది?"

"పోయింది. రెండు పక్కలా పీకేశారు, అటు మాటా పోయింది, ఇటు మాటా పోయింది. నాకు అవసరమైన మాటయితే పీకనిస్తానా? స్టాపు పీకినవాళ్లు సిగ్నల్ మాత్రం వదిలేశారు చూడు. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు, రోజూ ఆ చెక్కపొట్టు వాసన పీలుస్తూ అక్కడ ఆగుతున్నా." అతను ఒక గుక్క తాగి గ్లాసు పక్కకి జరిపాడు. "అది వదిలెయ్. నేను చెప్పేది వేరే. నేను పైకి అంటుంటే జనం విని విని స్టాపుల అసలు పేర్లు మర్చిపోయారు. ఒక కరేజ్, రెండు పేషెన్స్ ఇవ్వండి అని టికెట్లు అడిగేవాళ్లు. అప్పటి కండక్టరు వేరు, నువ్వు కాదమ్మాయ్. పాపం, ఆ మనిషి ఇప్పుడు లేడు."

"నీకు సాక్షులెవరూ మిగలరేం?" అంది క్యాంటీన్ అక్క.

"నా కథల బరువు మోయలేరక్కా. విను. ఒక మొగుడూ పెళ్లాం క్వారెల్ దగ్గర ఎక్కారు. క్వారెల్ అంటే పోట్లాట. వాడి చొక్కా కాలరు ఆవిడ చేతిలో ఉంది, ఆవిడ సంచీ వాడి చేతిలో ఉంది, రెండూ చిరగడానికి సిద్ధంగా ఉన్నాయి. బస్సు బస్సంతా వాళ్లనే చూస్తోంది. ముందు సిగ్నల్ పడింది. నేను గేరు మారుస్తూ, మెల్లగానే, హార్మనీ అన్నాను. సామరస్యం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ కాలరు సర్దింది. వాడు సంచీ భుజానికి తగిలించుకున్నాడు. దిగేటప్పుడు, మీరు ముందు దిగండంటే మీరు ముందు దిగండని, తలుపు దగ్గరే అంతసేపు నిలబడి బస్సు ఆలస్యం చేశారు."

"మరి ఆ మాట ఇంట్లో వాడవేం మామా? మొన్న అత్త నిన్ను టీ కూడా ఇవ్వకుండా పంపించిందంట."

"మా ఇంటి ముందు సిగ్నల్ లేదురా."

మెకానిక్ నవ్వాడు. డ్రైవరు నవ్వలేదు. అతను చెప్పేటప్పుడు నవ్వడు. నవ్వితే చెప్పింది అబద్ధమని తానే ఒప్పుకున్నట్టవుతుందని అతని నమ్మకం.

"నవ్వు, నవ్వు. అబండెన్స్ స్టాపులో ఒక పెద్దమనిషి ఎక్కాడు. అబండెన్స్ అంటే సమృద్ధి. రెండు సీట్లు పట్టే మనిషి, మూడో సీటు మీద కూడా కొంచెం వాలాడు. సిగ్నల్ పడింది. నేనేం చేయను, అలవాటు, స్కేర్సిటీ అనేశాను. కొరత. పచ్చ లైటు వచ్చేసరికి ఆయన ప్యాంటు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. బెల్టుకి కొత్త బెజ్జాలు నేనే పొడిచి పంపించాను. మర్నాటి నుంచి ఆ స్టాపులో క్యూ. ఒళ్లు తగ్గాలనుకున్నవాళ్లంతా పాసులు తీసుకున్నారు. ఎదురుగా ఉన్న జిమ్ము మూతపడింది. దాని యజమాని వచ్చి, అన్నా, ఆ ఒక్క మాట మింగెయ్, నా పిల్లలు వీధిన పడతారు అని చేతులు పట్టుకున్నాడు. అంత పలుకుబడి ఉన్న మనిషిని, నన్ను, ముప్పై మాటలు రాసి చూపించమంటారా వీళ్లు?"

చివరి వాక్యం అంటూ అతను గుమాస్తా కిటికీ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కొంచెం శ్రమ పడ్డాడు. అది కండక్టరు గమనించింది. గోడ గడియారం ఐదూ నలభై చూపిస్తోంది.

"ఇంతేనా?" అన్నాడు మెకానిక్.

"ఇంతేనా అంటావా. వరద వచ్చిన ఏడాది నువ్వెక్కడున్నావురా? కాలువ తెగింది. నీళ్లు బస్సు కిటికీల దాకా వచ్చాయి. నేను స్టీరింగ్ ఎడమకి తిప్పితే చేపలు కుడికి జరుగుతున్నాయి. ఒక పెద్ద చేపయితే హారన్ కొడితేనే గానీ దారివ్వలేదు. బస్సు నిండా జనం, పిల్లలు, ఒక బాలింత. అందరూ నా వైపే చూస్తున్నారు. ఫ్లడ్ అంటే వరద. దానికి వ్యతిరేకపదం డ్రౌట్, కరువు. నాలుక చివరే ఉంది. కానీ గట్టిగా అనాలంటే భయం. ఎందుకు? గట్టిగా అంటే ఊరు ఊరంతా ఎండిపోతుంది, ఆ పాపం నాకెందుకు? అందుకని సగమే అన్నాను. డ్రౌ. అంతే. నీళ్లు టైర్ల దాకా దిగిపోయాయి. మిగతా సగం గొణిగాను. దుమ్ము లేచింది. ఆ రోజు బస్సు కడిగేవాళ్లు నా మీద ఎంత గోల పెట్టారో తెలుసా, తడి బస్సుకి దుమ్ము పట్టించి తెచ్చావని."

"అంత దుమ్ములో బాలింత ఏమైంది?" అంది క్యాంటీన్ అక్క.

"తుమ్మింది. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు." అతని గొంతు ఒక మెట్టు పైకెక్కింది. "ఈ సంగతి విమానాల్లో పాకింది. డిక్షనరీలు రాసేవాళ్లు ఐదుగురు కోట్లు వేసుకుని వచ్చారు. నా బస్సులో సీట్లు లేవు, ఎవర్నీ లేపనన్నాను, పై కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చారు ఆఖరి స్టాపు దాకా. అందరూ దిగాక వాళ్లలో ముసలాయన ముందుకొచ్చి, కళ్లజోడు తీసి, అయ్యా, మా పెద్ద పుస్తకంలో ఒక మాటకి చెదలు పట్టింది, పక్క పేజీలకి కూడా పాకుతోంది, మంచి మాట ఒకటి మీ దగ్గరుందని తెలిసి వచ్చాం అన్నాడు. ఏ మాటండీ అన్నాను. సైలెన్స్ అన్నాడు. నిశ్శబ్దం. నా దగ్గర ఒకటే ఉంది. అయినా ఇంత దూరం నిలబడి వచ్చారు కదా, ఉత్త చేతులతో పంపిస్తామా? అర్థం, పర్యాయపదం, వ్యతిరేకపదం, సొంత వాక్యం, అన్నీ కలిపి జాగ్రత్తగా మడిచి ఇచ్చాను. వాడుకుని తిరిగివ్వండి అన్నాను. ఇవాళ్టి దాకా తిరిగివ్వలేదు."

క్యాంటీన్ అక్క గరిటె తిప్పడం ఆపి అతని వైపు చూసింది.

"నీ దగ్గర అది లేనిది అందుకన్నమాట," అంది.

"అందుకే," అన్నాడు డ్రైవరు.

మెకానిక్ బెంచీ మీద చరుస్తూ నవ్వాడు. అక్క కూడా గరిటె పట్టుకున్న చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు తగ్గేదాకా కండక్టరు ఆగింది. గడియారం పదినిమిషాలు తక్కువ ఆరు.

"బాబాయ్," అంది. "పరీక్షకి పేరిచ్చావా?"

"ఏ పరీక్ష?"

"నిన్న గుమాస్తా నన్నడిగాడు. మీ బాబాయ్ ఇవ్వలేదేం అని."

మెకానిక్ మొహం మీద మిగిలిన నవ్వు ఆగిపోయింది. డ్రైవరు కుర్చీ వీపు మీదున్న చేతులు మార్చాడు.

"నేనివ్వను. ఇవ్వనమ్మాయ్. వాళ్లెవరు నాకు పరీక్ష పెట్టడానికి? ఆ నోటీసు రాసినవాడు పాలు తాగే వయసులో వాడి అమ్మని ఆసుపత్రి దగ్గర దింపినవాణ్ణి నేను. యార్డుకి పోతాను. జీతం తగ్గదని రాశారుగా."

"యార్డులో ఎవరితో మాట్లాడతావు?"

"ఖాళీ సీట్లతో. అవి రెంచీగాడిలా అడ్డం తగలవు."

"సరే. గ్రాటిట్యూడ్ అంటే ఏంటి?"

"అదెంత," అన్నాడు డ్రైవరు. నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉంది.

బల్ల ఊగింది. టికెట్ చుట్ట జారిపోయిందేమోనని కండక్టరు కిందికి వంగింది. చుట్ట ఉన్నచోటే ఉంది. దాని పక్కన అతని ఎడమ బూటు క్లచ్ తొక్కినట్టు నేలని అదిమి, వదిలి, మళ్లీ అదుముతోంది. ఆవిడ లేచి చూసింది. అతని చెయ్యి కుర్చీ కమ్మీ మీద రెండో గేరు నుంచి మూడో గేరుకి వెళుతోంది. పెదవులు కదులుతున్నాయి. డిపో గేటు. పంపుహౌస్. ఆసుపత్రి. పాత మార్కెట్. గ్రాటిట్యూడ్ బడి స్టాపు మాట. బడి దారిలో సగానికి పైగా అవతల ఉంది. అతను ఇక్కడి నుంచి బయల్దేరాడు.

రెండు నెలలు అద్దంలో ఆ పెదవుల్ని చూసింది గానీ ఆవిడకి ఇది తట్టలేదు. బస్సు కదిలితేనే అతనికి మాట వస్తుంది. ఎక్కడ అడిగినా అతను డిపో గేటు నుంచే మొదలుపెట్టాలి.

అక్క పాలు దించింది. మెకానిక్ ఏదో అనబోతే కండక్టరు చెయ్యెత్తి ఆపింది.

"కృతజ్ఞత," అన్నాడు డ్రైవరు, చాలాసేపటికి.

"ఇంతసేపా మామా?"

"ట్రాఫిక్కురా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. డ్రైవరు తన ఎడమ బూటు వైపు చూసుకున్నాడు, అది ఇంకా అదిమే ఉంది. తీశాడు.

"పరీక్ష గదిలో స్టీరింగ్ పెట్టరుగా," అన్నాడు. ఆ గొంతు ఆ క్యాంటీన్‌లో అంతకుముందు ఎవరూ వినలేదు. మైకు తీసేసిన మనిషి గొంతు.

కండక్టరు గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. "పరీక్ష ఎంతసేపు బాబాయ్?"

"రెండు గంటలు."

"మన ట్రిప్పు, పోనూ రానూ?"

అతను జవాబు చెప్పడానికి ఆలోచించాల్సిన పని లేదు. ముప్పై ఏళ్లుగా అదే దారి. "గంటా నలభై. వర్షం పడితే గంటా యాభై."

"పరీక్ష గదిలో వర్షం పడదులే," అంది.

అతను ఆవిడ వైపు చూశాడు. తర్వాత గడియారం వైపు. తర్వాత, ఆ ఉదయం మొదటిసారి, కిటికీ వైపు. గుమాస్తా లేచి నిలబడి రేకు తలుపు కిందికి లాగుతున్నాడు.

కుర్చీ కిందపడింది. అతను ఆవరణ దాటిన వేగానికి కడిగే చోట నిలబడ్డవాళ్లు పక్కకి తప్పుకున్నారు. రేకు తలుపు ఇంకా జానెడు ఎత్తులో ఉండగా దాని కింద అరచెయ్యి పెట్టాడు.

"పేరు రాసుకో."

"యాభై దాటినవాళ్లు రాయనక్కర్లేదండీ," అన్నాడు గుమాస్తా లోపల్నుంచి. మర్యాదగానే అన్నాడు.

"అక్కర్లేదన్నారు కాబట్టే రాస్తున్నా. ఎవరు దేనికి పనికిరారో ఆ నోటీసులో రాసిన దొరని కూడా పరీక్షకి రమ్మను. నా పక్క కుర్చీ ఇవ్వు ఆయనకి. ఇంకోటి, నా బల్ల ముందు కాళ్లకి చోటుండాలి. మూడు పెడల్స్ పట్టేంత."

"పెడల్సా?"

"రాసుకో."

గుమాస్తా రాసుకున్నాడు. ఆరూ పదికి బస్సు గేటు దాటింది. పంపుహౌస్ దగ్గర ఎక్కిన మొదటి ప్రయాణికుడికి, పరీక్ష రాయమని డిపో గుమాస్తా తన చెయ్యి పట్టుకుని ఎలా బతిమాలాడో డ్రైవరు చెప్పడం కండక్టరుకి వెనక సీటు దాకా వినిపించింది. ఆసుపత్రి వచ్చేసరికి గుమాస్తా ఏడ్చాడు. బడి దగ్గరికి వచ్చేసరికి పై అధికారులు కూడా ఏడ్చారు. ఆవిడ టికెట్లు కొడుతూ కూర్చుంది, అడ్డు చెప్పలేదు.

పరీక్ష ఆదివారం జరిగింది. ఆవిడకి రెండు వరుసల ముందు అతను కూర్చున్నాడు. గది మొత్తానికి ఒకే చప్పుడు, బూటు నేలని తొక్కి వదిలే చప్పుడు. పర్యవేక్షకుడు వచ్చి కాలు ఆపమన్నాడు. "ఆపితే వెనకవాళ్లు గుద్దేస్తారండీ," అన్నాడు డ్రైవరు తలెత్తకుండా. అప్పుడప్పుడూ అతని కలం ఆగేది, చూపు గోడ మీద ఒకేచోట నిలిచేది. కొంతసేపటికి ఏదో పచ్చగా మారినట్టు మళ్లీ రాసేవాడు. గంటా నలభై దాటగానే కలం మూత పెట్టి, చెయ్యి పక్కకి చాచి లేని హ్యాండ్‌బ్రేకు లాగాడు.

తొమ్మిది రోజులకి ఫలితాలు వచ్చాయి. ఇద్దరూ నెగ్గారు. ముప్పైకి ముప్పై కొట్టానని డ్రైవరు మధ్యాహ్నానికల్లా డిపో అంతా చెప్పాడు, సాయంత్రానికి అది నలభై అయింది. అసలు సంగతి కండక్టరుకి గుమాస్తా చెప్పాడు. ఇరవై తొమ్మిది మాటలు పూర్తిగా రాశాడట. మిగిలిన ఒక్కటి హ్యుమిలిటీ, వినయం, సామిల్లు స్టాపుది. అర్థం రాయలేదు, పర్యాయపదం రాయలేదు, సొంత వాక్యం రాయలేదు. వ్యతిరేకపదం మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: ప్రైడ్.